విరిగినవి సరే, వంగినవి ఎక్కడ?

నేలకూలిన మోడల్ హెలికాప్టర్ దగ్గరికి పరుగెత్తినప్పుడు మొదట చూడవలసింది విరిగిన రెక్కలను కాదు, బ్యాటరీని. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి లోపల దెబ్బ తగిలితే వెంటనే ఏమీ తెలియదు. కాసేపటికి ఉబ్బి అంటుకోవచ్చు. బెంగళూరు శివార్లలో సర్జాపుర దాటాక మేము ఎగరేసే బీడులో మొన్న మా బావమరిది రెక్కల ముక్కలు ఏరుతుంటే, "అవి తర్వాత, ముందు బ్యాటరీ వైరు లాగు" అని అరిచాను. బ్యాటరీ ఒక మూల నొక్కుకుపోయింది. దాన్ని ఎండుగడ్డికి దూరంగా ఇసుకలో పెట్టాకే మిగతా శవపంచనామా.

కూలడానికి కారణం తోకలో దొరికింది: తోక రోటరు (తిరిగే చిన్న పంకా) రెక్కల కోణాన్ని మార్చే కడ్డీ ఊడిపోయింది. దాని చివర ఉండే ప్లాస్టిక్ లింకు వాడగా వాడగా వదులవుతుంది. పై రోటరు ఒకవైపు తిరుగుతుంటే శరీరం ఎదురువైపు తిరగబోతుంది. దాన్ని పట్టి ఉంచేది తోకే. తోక చేతులెత్తేయగానే హెలికాప్టర్ గిరగిరా తిరిగింది. త్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసి మోటారు ఆపాను కానీ, రెక్కల్లో ఊపు మిగిలే ఉంది. ఈ 450 తరగతి హెలికాప్టర్‌లో రోటరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2500 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఇక నేల తగిలితే చెప్పేదేముంది! కార్బన్ ఫైబర్ రెక్కలు పీచుపీచుగా చీలాయి, తోక గొట్టం వంగింది.

విరిగినవాటితో పేచీ లేదు. కనిపిస్తాయి, మారుస్తాం. ఏడిపించేవి వంగీ వంగనట్టున్నవి. రెండు రెక్కలనూ పట్టి ఉంచే బిగింపులను కలిపే సన్నని ఉక్కు కడ్డీ, ఫెదరింగ్ షాఫ్టు, చేతిలో పట్టుకుంటే నిటారుగానే ఉంది. టీపాయ్ అద్దం మీద దొర్లిస్తూ వెనకనుంచి ఫోను లైటు వేశాను. కడ్డీ కింద వెంట్రుకంత వెలుగు కనిపిస్తూ, మాయమవుతూ వచ్చింది. అంటే వంగినట్టే. మెయిన్ షాఫ్టుదీ అదే కథ. రెక్కల కోణాన్ని కదిలించే చిన్న మోటారు, సర్వో, దాని చేతిని మెల్లగా తిప్పితే ఒక్కచోట టక్కుమంది: లోపలి గేరుకు పన్ను పోయింది. ఇవి చూడకుండా కొత్త రెక్కలు బిగించి ఎగరేసేవాళ్లంటే నాకు ఆశ్చర్యం. ఆ వణుకుకు మళ్లీ రెక్కలే బలి.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో స్క్రూలు, అవి వదులవకుండా పట్టి ఉంచే నీలం జిగురు, థ్రెడ్‌లాకు, దొరికాయి. షాఫ్టులు, గేర్లు తెప్పించుకోవలసి వచ్చింది. లోహంలోకి దిగే ప్రతి స్క్రూకూ ఒక చుక్క థ్రెడ్‌లాకు వేయాలి. ప్లాస్టిక్ మీద మాత్రం పడనివ్వకూడదు, పగుళ్లిస్తుంది. పాత లింకులన్నీ తీసేసి కొత్తవి వేశాను. మొదట రెక్కలు లేకుండా మోటారు తిప్పి వణుకు చూశాను. తర్వాత ఒక రెక్క కొసకు ఎర్ర టేపు చుట్టి, బీడులో దూరంగా నిలబడి, రెండూ ఒకే ఎత్తులో తిరిగేదాకా లింకును అర చుట్టు చొప్పున సవరించాను.

మా మారతహళ్లి మేడ మీదుగా హెచ్ఏఎల్ వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్లు పోతుంటాయి. ఈ పిచ్చి నాకు వాటివల్లే పట్టుకుంది. "బావా, ఈ ఖర్చుకు మంచి డ్రోన్ వచ్చేది కదా" అన్నాడు బావమరిది. వచ్చేదే. రిమోట్ కర్రలు వదిలేసినా గాలిలో దానంతటది నిలబడేదాన్ని నేనేం చేసుకోను?

హోవర్‌లో, అంటే గాలిలో ఒకేచోట నిలిపినప్పుడు, ఇప్పుడు తోక కుదురుగా నిలుస్తోంది. వేగం పెంచితే మాత్రం సన్నని వణుకు ఉంది. తోక పెట్టెలోని బేరింగు మీద అనుమానం. ఈ వారం విప్పాలి.