అమ్మమ్మ నల్ల బ్రోచ్

అమ్మమ్మ నల్ల బ్రోచ్ దేనితో చేసిందో ఇవాళ తేలింది. ఎబొనైట్. హైస్కూల్ సైన్సులో ఉన్ని గుడ్డతో రుద్ది కాగితం ముక్కల్ని లాగించే నల్ల కడ్డీ ఉంటుందే, అదే సరుకు. నగల వాళ్లు దీన్ని వల్కనైట్ అంటారు.

అమ్మమ్మ ఒంగోలులో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తల్లో ఎవరో దొరసానమ్మ ఇచ్చిందట, అమ్మ అలాగే చెబుతుంది. తెల్లచీర పైట జారకుండా భుజం దగ్గర పెట్టుకునేది. పూలగుత్తి పట్టుకున్న ఆడమనిషి చెయ్యి, మణికట్టు చుట్టూ లేసు, అంతా నలుపే. వెనక సూది. ఎక్కడా పేరు లేదు, అంకె లేదు, ముద్ర లేదు.

పొద్దున ఉంగరం సరిచేయించడానికి ఆచారి గారి కొట్టుకి వెళ్తూ దీన్ని కూడా తీసుకెళ్లాను. ఆయన సూదిని గీటురాయి మీద గీసి చూసి, "ఇదేందమ్మా, ఉత్త ఇత్తడి. నల్లది లక్కో రబ్బరో. దీనికేం రాదు" అనేశారు. ఆయన చూసేది బంగారం, ఆ వరకు సరిగ్గానే చెప్పారు. నాకు మాత్రం అక్కడితో వదిలేయబుద్ధి కాలేదు. ముద్ర లేకపోవడం వింతేమీ కాదు. ఇంగ్లండులో అయినా, మన బీఐఎస్ అయినా హాల్‌మార్క్ వేసేది వెండి బంగారాల్లాంటి విలువైన లోహాలకే, ఇత్తడికీ రబ్బరుకీ ఎవరు వేస్తారు? ఇలాంటి వస్తువుని చేత్తో పట్టుకుని, కంటితో చూసి, వాసన చూసి తెలుసుకోవాల్సిందే.

పాత నల్ల నగ అనగానే ముందు అనుకునేది జెట్ అనే బొగ్గులాంటి నల్ల రాయి. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని విట్బీ తీరంలో దొరుకుతుంది, 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్ల మానులు నేలలో నలిగి అలా మారాయి. 1861లో ప్రిన్స్ ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా రాణి తను పోయేదాకా, అంటే 1901 వరకు, నలుపే కట్టింది. ఆమెని చూసి అక్కడి ఆడవాళ్లు ఇంట్లో ఎవరైనా పోతే జెట్ నగలు పెట్టుకునేవాళ్లు. అది కొనలేనివాళ్ల కోసం నల్ల గాజుతో, ఐర్లండ్ బురద నేలల్లో నల్లబడిన ఓక్ చెక్కతో, ఎబొనైట్‌తో చేసినవి వచ్చాయి. అమెరికాలో కూడా 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఇంటికొకరు పోయినట్టు పోయారు, అక్కడా ఈ నగలు బాగా నడిచాయి.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక నాన్న భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. గాజయితే అరచేతిలో చల్లగా, బరువుగా తెలుస్తుంది, ఇది తేలిగ్గా ఉంది, చల్లదనం లేదు. చెక్క జీర లేదు. ఇక మిగిలింది జెట్టా ఎబొనైటా అన్నదే, అసలు చిక్కు అక్కడే, ఎందుకంటే రెండూ తేలికే, రెండూ ఉన్ని మీద రుద్దితే కాగితం ముక్కల్ని లాగుతాయి, పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని అంచు మీద గీస్తే రెండూ గోధుమ రంగు గీతే వేస్తాయి. సూది కాల్చి గుచ్చి వాసన చూడమనేవాళ్లు ఉన్నారు కానీ అమ్మమ్మ వస్తువుకి నేను చచ్చినా ఆ పని చెయ్యను.

భూతద్దంలో తేడా కనిపించింది. జెట్‌ని చెక్కుతారు, కాబట్టి పనిముట్టు జాడలుంటాయి, మూలలు పదునుగా ఉంటాయి. ఇందులో వేళ్ల సందులు, పూరేకుల అంచులు మెత్తగా గుండ్రంగా ఉన్నాయి, పక్క అంచు పొడవునా సన్నటి అచ్చు గీత ఉంది. అచ్చులో ఒత్తి చేసిన వస్తువు ఇది. రంగు కూడా అదే చెప్పింది: వెనక సూది కింద నల్లగా ఉంది, ముందువైపు ఎండకి గోధుమ రంగుకి తిరిగింది. మంచి జెట్ అలా వెలిసిపోదు.

అప్పుడు నాన్న రత్నం పెన్ను గుర్తొచ్చింది. రాజమండ్రిలో చేసే ఎబొనైట్ పెన్ను, అది కూడా క్యాప్ కింద నలుపు, బయట గోధుమ. బొటనవేలితో బ్రోచ్‌ని వేడెక్కేదాకా రుద్ది వాసన చూశాను, తర్వాత పెన్నుని రుద్ది చూశాను. ఒకటే గంధకం వాసన, కొంచెం కాలిన రబ్బరులా. ఎబొనైట్ అంటే రబ్బరులో బోలెడు గంధకం కలిపి గంటల తరబడి ఉడికించి గట్టిపరిచిందే కదా. ఎంత ఆనందమేసిందో చెప్పలేను, అమ్మని నిద్ర లేపి మరీ రెండూ వాసన చూపించాను.

వయసు సంగతి సూది చెప్పింది. కొస బ్రోచ్ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంది, పట్టుకునే కొక్కెం సి అక్షరంలా వంచిన ఉత్త తీగ, తిప్పి బిగించే తాళం లేదు. ఆ తాళాలు 20వ శతాబ్దం మొదట్లో మామూలయ్యాయి. అంటే ఇది 1800ల చివరి భాగానిది, ఇచ్చేనాటికే పాతది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ని క్లౌ దొరగారు 1866లో మొదలుపెట్టారు, అమ్మమ్మ ఆసుపత్రి వాళ్లదే. అందుకే ఇది ఇంగ్లండుది కాదు, అమెరికా నుంచే ఎవరి పెట్టెలోనో వచ్చిందని నేను నమ్ముతున్నాను. ఆ దొరసానమ్మ తన తల్లి కోసమో, తన అమ్మమ్మ కోసమో దుఃఖంలో పెట్టుకున్నదాన్ని కొత్తగా చేరిన పిల్లకి తీసిచ్చిందంటే, పనికిరానిదని ఇచ్చిందని నాకు అనిపించదు.

సాయంత్రం చెల్లి ఫోన్ చేసి, "అక్కా, ఆచారి గారితో కొత్త సూది అతికించు, క్రిస్మస్‌కి నేను పెట్టుకుంటా" అంది. కుదరదన్నాను. అతికే వేడికి ఎబొనైట్ పాడవుతుంది, ఆ కొక్కెం తీసేస్తే దాని వయసు చెప్పే సాక్ష్యం కూడా పోతుంది. ఎండ తగలకుండా మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. వేడినీళ్లు తగలనివ్వొద్దని అమ్మకి చెప్పాను. చెల్లికి మాత్రం, పట్టుచీరకి కాదు, నూలు చీరకైతే ఉన్న సూదితోనే పెట్టుకోమన్నాను. కాసేపు ఆలోచించి సరే అంది.