నాటు వేసిన తల

తిరుపతిలో దిగిన పదకొండు రోజుల్లో తనను చూసి ఎవరు ఏమన్నారో మా అమ్మాయి ఫోనులో లెక్క రాసుకుంది. నల్లబడ్డావు: తొమ్మిది సార్లు. చిక్కిపోయావు: ఆరు. ఒళ్లు చేశావు: నాలుగు. ‘ముక్కు అచ్చం నాన్నమ్మదే’ అన్నది లెక్కపెట్టడం మానేసింది. చిక్కిపోయిందన్నవాళ్లూ ఒళ్లు చేసిందన్నవాళ్లూ ఒకే పెళ్లిలో ఒకే బంతిలో కూర్చున్నవాళ్లేనని ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. వాళ్లలో ఇద్దరు నా పిన్నులు.

డాలస్‌లో ఇలా ఎవరూ అనరు. నిరుడు తన తరగతి అమ్మాయి ఒకతె వేసవి సెలవుల తర్వాత కొత్త ముక్కుతో వచ్చిందట. చూసినవాళ్లంతా చూడనట్టే ఊరుకున్నారట. ‘ఒక్కరూ అడగలేదా?’ అన్నాను. ‘అడగకూడదమ్మా’ అంది, నాకు మర్యాద నేర్పుతున్నట్టు. అదీ నాకు నచ్చలేదు. ముఖం మారిపోయిన మనిషిని పలకరించకుండా ఎలా ఉంటారు?

మేము వచ్చింది మా చిన్నాన్న కొడుకు పెళ్లికి. వాడికి ఇరవై ఆరేళ్లకే నుదురు నడినెత్తి దాకా పాకింది. సంబంధాలు చాలా వచ్చాయి. జాతకాలు కలిసేవి, జీతం నచ్చేది, పెళ్లిచూపులయ్యాక కబురు ఆగిపోయేది. ‘అబ్బాయి వయసు ఎక్కువలా కనిపిస్తున్నాడంటున్నారు’ అని మధ్యవర్తి చివరికి ఉన్నమాట చెప్పేశాడు. ఇంట్లోనూ వాడిని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ముప్పై ఒకటో ఏట ఎవరికీ చెప్పకుండా చెన్నై వెళ్లి జుట్టు నాటించుకున్నాడు.

తల వెనక భాగంలోని జుట్టుకు సాధారణంగా బట్టతల సోకదు. అక్కడి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి ముందు వైపు నాటినా ఆ గుణం వాటిని వదలదు. 1950లలో న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఓరెంట్రీక్ ఈ సంగతి తేల్చాడని, అప్పటి నుంచే ఈ పని ఊపందుకుందని తమ్ముడే నాకు చెప్పాడు, పరీక్షకు చదివినంత శ్రద్ధగా. నాటిన కొన్ని వారాలకే వెంట్రుకలు రాలిపోతాయి. కుదురు మాత్రం లోపలే ఉండి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తి, నిండడానికి ఏడాది దాకా పడుతుంది. వాడి ఖర్మకొద్దీ సరిగ్గా ఆ రాలిన నెలలోనే ఇంట్లో గృహప్రవేశం. మే నెల ఎండలో వాడు ఉన్ని టోపీ పెట్టుకుని తిరిగాడు. ఒక బావ దాన్ని లాగేశాడు.

ఇక చూడాలి. ‘నారు ఎక్కడ పోశారురా?’ ‘ఒంటి నాటా, కుదురుకు రెండా?’ ‘కలుపుకు కూలీలు దొరికారా?’ ‘ముందు బోరులో నీళ్లున్నాయో లేదో చూసుకోవద్దా!’ మా చిత్తూరు వైపు మనిషికి వ్యవసాయంలో నష్టం వచ్చినా హాస్యంలో రాదు. వీడియో కాల్‌లో చూస్తున్న నేనూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. పక్కనే మా అమ్మాయి ఉందన్న సంగతి గుర్తు లేదు.

ఆమె మరిచిపోలేదు. పెళ్లి రాత్రి తిరుచానూరు నుంచి కొర్లగుంటకు వస్తుంటే కారులో అడిగింది. ‘నేను ముక్కు సరి చేయించుకుంటానంటే నువ్వూ అలాగే నవ్వుతావా?’

‘అది మీ నాన్నమ్మ ముక్కు’ అన్నాను, పట్టాదారు పాసుపుస్తకం తీసి చూపిస్తున్నట్టు.

‘నాన్నమ్మ ఒక్క ఫోటోలో కూడా ఎదురుగా చూడదు. ఎప్పుడైనా గమనించావా?’

గమనించలేదు. పందొమ్మిదేళ్లుగా మా అత్తగారి ఆల్బమ్‌లు తిరగేస్తున్నాను. పెళ్లి ఫోటోలో తల పక్కకు, మావారి అక్షరాభ్యాసంలో తల కిందకు, కాశీలో కొంగు అడ్డం. సిగ్గనుకున్నాను.

‘నా పళ్లకు రెండేళ్లు క్లిప్పులు వేయించింది నువ్వే కదా’ అని కూడా అంది. అది పళ్ల ఆరోగ్యం కోసమన్నాను. అబద్ధం. నమలడానికి ఏ ఇబ్బందీ లేదని, వేయిస్తే నవ్వు బాగుంటుందని మాత్రమే దంతవైద్యురాలు చెప్పింది. నేను మరుసటి రోజే డబ్బు కట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ఈ మాటే ఇంట్లో కదిలింది. ఇవన్నీ పరదేశపు పోకడలని చిన్నాన్న తేల్చేశారు. తెగిన ముక్కును చర్మంతో మళ్లీ తీర్చిదిద్దే పద్ధతి సుశ్రుతుడు ఎప్పుడో చెప్పాడని, మన దేశంలో జరిగిన అలాంటి చికిత్స గురించి 1794లో లండన్ పత్రిక ఒకటి అచ్చు వేసిందని నేను అందుకున్నాను. ‘అది తెగిన ముక్కమ్మా. ఉన్న ముక్కును కోయించుకోవడం వేరు’ అన్నారాయన. నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే నా అభిప్రాయమూ అదే, నా వాదనే వేరు.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు, కొండ దారి దీపాలు చూపిస్తూ మా అమ్మ మనవరాలికి స్థలపురాణం చెప్పింది. పుట్టలో ఉన్న స్వామికి పశువుల కాపరి విసిరిన గొడ్డలి తగిలింది. దెబ్బ తగిలిన చోట జుట్టు మొలవలేదు. నీలాదేవి అనే గంధర్వకన్య అది చూసి, అంత అందమైన ముఖానికి ఆ లోటు ఎందుకని తన జుట్టు కోసి అక్కడ అమర్చింది. భక్తులు ఇచ్చే తలనీలాలు ఆమెకే చేరుతాయని స్వామి వరమిచ్చాడు. నీలాద్రి ఆమె పేరే.

మా అమ్మాయి లేచి కూర్చుంది. ‘అయితే మామ చేయించుకున్నదే స్వామికీ చేశారా అమ్మమ్మా?’

‘తప్పు, అలా అనకూడదు’ అని అమ్మ లెంపలు వేసుకుంది. కాసేపు ఆగి, ‘స్వామికి దెబ్బ తగిలింది కదే’ అంది. ఇంకాసేపటికి, అందరూ నిద్రపోయారనుకున్నాక, ‘వీడికీ పదకొండు సంబంధాలు తప్పిపోయాయిలే’ అని తనలో తానే అనుకుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కొడుక్కి పెళ్లి కుదిరితే కొండకు తలనీలాలు ఇప్పిస్తానని మా పిన్ని ఎప్పుడో మొక్కుకుంది. అప్పటికి వాడి తల మీద ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడుంది, లక్షా నలభై వేలు పోసి పెంచింది. ఏడాది దాటింది కనుక గీయించినా మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పాడట. వాడు ధైర్యంగానే ఉన్నాడు. పిన్నే, మొక్కు మార్చుకోవచ్చేమో కనుక్కోమని ఇద్దరు పురోహితులకు ఫోన్ చేసింది.

కల్యాణకట్టలో టోకెనూ సగం బ్లేడూ తీసుకుని వరుసలో కూర్చున్నాం. కొత్త పెళ్లికూతురు మూడు కత్తెర్లు ఇచ్చి పక్కకు వచ్చింది. తమ్ముడు తల వంచాడు. క్షురకుడు నీళ్లు చల్లి, మెడ పైభాగం నుంచి ఒక పాయ గీశాడు. నల్ల జుట్టు కింద చిన్న చిన్న తెల్లని చుక్కలు బయటపడ్డాయి. అతని చేయి ఆగింది. మా అమ్మాయి నా మోచేయి పట్టుకుంది.

‘నాటించుకున్నారా స్వామీ?’

తమ్ముడు తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

క్షురకుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. ‘ఎంతయింది స్వామీ? మావాడికి ఇరవై నాలుగే. సంబంధాలు చూస్తున్నాం.’

‘ఎన్ని కుదుళ్లు నాటతారన్న దాన్ని బట్టి ఉంటుంది’ అని తమ్ముడు మొదలుపెట్టాడు. కత్తి మళ్లీ కదిలింది.