కేసుషీటులో ఒక్క వాక్యం

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో, పీలింగ్ సెక్షన్లో చేరి అప్పటికి మూడు నెలలు. 2022 సెప్టెంబరు. ఆ రోజు వనామీ రకం రొయ్యల లోడు ఎక్కువగా దిగింది. ఐసు కరిగిన నీళ్లు, క్లోరిన్ నీళ్లు కలిసి నేలంతా జారుడుగా ఉంది. నిండు ట్రే పట్టుకుని బల్ల దగ్గరకు వస్తుంటే గంబూటు జారింది. కుడి చెయ్యి కింద ఆనించి పడ్డాను. లేచి చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి మెట్టులా ఒంగిపోయి ఉంది. నొప్పికన్నా ముందు భయం పట్టుకుంది. తలలు తీసేది, తోలు వొలిచేది ఈ చేత్తోనే.

వ్యానులో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తూ సూపర్‌వైజరు అన్నాడు: “అమ్మా, ఇంటికాడ బాత్‌రూంలో జారానని చెప్పు. ఖర్చు సంగతి సారుతో మాట్లాడి నేను చూసుకుంటాను. లేదంటే ఎంక్వయిరీలు, గొడవలు.” సరేనన్నాను. ఆ బాధలో ఏమడిగినా సరేననేదాన్నే. డాక్టరుగారు కేసుషీటులో ‘ఇంటి వద్ద జారిపడినది’ అని రాసుకున్నారు.

మర్నాడు ఆపరేషన్. లోపల ప్లేటు, స్క్రూలు వేశారు. బిల్లు 68,400. ప్లాంటు నుంచి 5,000 చేతిలో పెట్టారు, ఆ తర్వాత ఫోను తియ్యలేదు. నా నాలుగు గాజులూ తాకట్టుకి వెళ్లాయి.

ఇంటికొచ్చాక పడ్డ బాధ వేరు. పాప జడ మా ఆయనే అల్లేవారు, బడికెళ్లేలోపే అది ఊడిపోయేది. ఎడం చేత్తో అన్నం తినడానికి మనసొప్పక పదిరోజులు మా అత్తయ్య ముద్దలు చేసి పెడితే తిన్నాను. కట్టు విప్పాక వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. రోజూ వేణ్నీళ్లలో చెయ్యి ఉంచి, తర్వాత చపాతీ పిండి ముద్ద పిసికేదాన్ని. పిండి మీద నాలుగు వేళ్ల అచ్చూ పడిన రోజు ఆయన్ని పిలిచి మరీ చూపించాను.

నన్ను చూడటానికి మా బల్ల దగ్గర పనిచేసే అక్క వచ్చింది. “నీ జీతం చీటీ తియ్యి చెల్లీ” అంది. అందులో ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా కింద 78 రూపాయలు కోత ఉంది. “10,400 జీతానికి నీ వాటా ముప్పావు శాతం. దానికి తోడు కంపెనీవాళ్లు మూడుంపావు శాతం, అంటే 338 కట్టాలి. నువ్వు అప్పు చేయడమేంటి?” అంది. మూడు నెలలుగా ఆ కోత చూస్తూనే ఉన్నాను, అదేమిటని ఎవర్నీ అడగలేదు.

ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో గుమస్తాగారు ఓపిగ్గా చెప్పారు. మామూలు జబ్బుకి సెలవు డబ్బు రావాలంటే కనీసం 78 రోజుల చందా ఉండాలి, అదీ చేరిన తొమ్మిది నెలల తర్వాతే. పనిలో తగిలిన దెబ్బకైతే ఆ లెక్కలేవీ లేవు. చేరిన మొదటి రోజు నుంచే హక్కు. పని చేయలేని రోజులకి కూలిలో తొంభై శాతం ఇస్తారు. “కానీ అమ్మా, మీ కేసుషీటులో ఇంటి దగ్గర పడ్డారని ఉంది” అన్నారు. ఆ వాక్యం అలాగే ఉంటే సెలవు డబ్బు ఒక్క రూపాయి కూడా రాదు.

డాక్టరుగారు రాసింది కొట్టెయ్యనన్నారు. అది న్యాయమే. నేనిప్పుడు చెబుతున్నది వేరే కాగితం మీద తేదీ వేసి రాసిచ్చారు. అక్క, ఇంకో అమ్మాయి సంతకాలు చేశారు. పడిన వెంటనే సూపర్‌వైజరుకి కేకేసి చెప్పింది అక్కే. దెబ్బ తగిలిన మనిషే కాకుండా ఆమె తరఫున ఇంకొకరు నోటిమాటగా చెప్పినా చట్టానికి చాలునని అప్పుడే తెలిసింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే ప్రమాదాల పుస్తకంలో ఆ రోజు ఖాళీ. కానీ గేటు రిజిస్టరులో వాచ్‌మన్ రాశాడు: ‘11.20, వ్యాను, చెయ్యి దెబ్బ, ఆసుపత్రి.’ ఆ మనిషికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆ తర్వాత కంపెనీ ఫారం 12, అంటే పనిలో ప్రమాదం జరిగిందని తెలిపే రిపోర్టు పంపింది.

సూపర్‌వైజరు దుర్మార్గుడేం కాదు, అతనికీ పైవాళ్ల ఒత్తిడి ఉంటుంది. అయినా ఒళ్లు తెలియని బాధలో ఉన్న మనిషి చేత అబద్ధం చెప్పించడం తప్పు. ఈ మాట అతని ముఖం మీదే అన్నాను.

82 రోజులకి, రోజుకి 360 చొప్పున 29,520 వచ్చాయి. ఆసుపత్రి ఖర్చు తిరిగి రావడానికి మాత్రం పది నెలలు పట్టింది. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్లేటు, స్క్రూల బిల్లు, ఆ వైద్యం, మందులు అవసరమేనని డాక్టరు సంతకంతో ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, అత్యవసరంగా చేర్చారన్న కాగితం, అన్నీ అసలువే ఇవ్వాలి. ఒక్కో సంతకానికి రెండేసి సార్లు బస్సెక్కాను. నంబరు లేని తెల్లచీటీల మీద కొన్న మందులు 3,200 తీసేశారు. మిగతాది వాళ్ల ప్యాకేజీ రేట్ల ప్రకారం 43,900 ఇచ్చారు. రెండు గాజులు విడిపించాను. మిగతా రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. ఐసునీళ్లలో చెయ్యి పెడితే లోపలి ప్లేటు దగ్గర సలుపుతుంది. మణికట్టు పూర్తిగా తిరగదు. ఎంత శాతం నష్టమో తేల్చడానికి మెడికల్ బోర్డుకి రమ్మని ఉత్తరం వచ్చింది. వచ్చే గురువారం వెళ్లాలి. కాగితాల సంచీలో ఆ గేటు రిజిస్టరు జిరాక్సు అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. అక్క కూడా సెలవు పెట్టి నాతో వస్తానంది.