బావ తెచ్చిన మూడు రాళ్లు

అల్మరా సర్దాలి, బట్టలు ఇస్త్రీ చేయాలి అనుకుంటూ లేచాను. రెండూ జరగలేదు. పొద్దున్నే బావ గుడ్డ సంచీతో దిగారు. "ఇందులో ఒక్కటైనా ఆకాశం నుంచి పడిన ఉల్క అయ్యుంటుంది, చూడు" అంటూ మూడు రాళ్లు తీసి బల్ల మీద పెట్టారు. నడకకి వెళ్లినప్పుడు కంటికి వింతగా తోచిన రాయినల్లా ఏరుకురావడం ఆయనకి అలవాటు. అక్క ఎప్పుడో విసిగిపోయింది, అందుకే పంచాయితీ నా దగ్గరికి వస్తుంది.

ఆయన ఆశలన్నీ మొదటి రాయి మీదే. నల్లగా, గాజులా మెరుస్తూ, ఒళ్లంతా చిల్లులు. ఉల్క అనగానే చాలామంది ఊహించుకునేది అచ్చం ఇలాంటి రాయినే. దాన్ని పట్టిచ్చిందీ ఆ చిల్లులే. కరిగిన రాయిలోంచి వాయువు బయటికి పోతుంటే బుడగలు మిగులుతాయి. అది లావాలో జరుగుతుంది, ఇనుము తీసే కొలిమిలో జరుగుతుంది. ఉల్కల్లో మాత్రం చాలా అరుదు. గాలిని చీల్చుకుంటూ వచ్చే ఆ కొన్ని సెకన్లలో పైపైన కరిగిన పొర ఎప్పటికప్పుడు ఊడిపోతుంటుంది, వేడి లోపలికి దిగే టైమే ఉండదు. చివరికి మిగిలేది మహా అయితే ఒక మిల్లీమీటరు మందం ఉండే నల్లటి పెంకు. దాని మీద గుంటలున్నా తడిమట్టిలో బొటనవేలు నొక్కినట్టు పల్లంగా, నున్నగా ఉంటాయి.

"మరి అయస్కాంతానికి అంటుకుందిగా!" అన్నారు బావ. అంటుకుంటుంది మరి, ఇది ఇనుప చిట్టెం. ఇనుము కరిగించాక పారేసే స్లాగ్‌లో ఎంతో కొంత లోహం మిగిలే ఉంటుంది.

అసలు ఆయన జేబులో ఆ గట్టి అయస్కాంతం చూస్తేనే నాకు టెన్షన్. ఉల్కల్లో చాలావాటికి ఇనుము, నికెల్ మిశ్రమం వల్ల అయస్కాంతం అంటుకునే మాట నిజమే. కానీ కొన్ని ఉల్కల్లో కోట్ల ఏళ్ల నాటి అయస్కాంత క్షేత్రం గుర్తులు అలాగే ఉండిపోతాయి. బలమైన అయస్కాంతం ఒక్కసారి తాకితే అవి చెరిగిపోతాయి. 2011లో సహారాలో దొరికిన 'బ్లాక్ బ్యూటీ' అంగారకుడి నుంచి వచ్చిన రాయి. దాని ముక్కలకీ ఇదే గతి పట్టింది, దొరికినవాళ్లు అయస్కాంతాలతో పరీక్షించడం వల్ల. దిక్సూచిని దగ్గరికి తెచ్చి ముల్లు కదులుతుందేమో చూస్తే చాలు, రాయికి ఏమీ కాదు.

రెండోదాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నున్నటి నల్ల గులకరాయి, మధ్యలో తెల్లటి చార. ఆ చార క్వార్ట్జ్, అంటే పలుగురాయి. కంటికి కనిపించేంత క్వార్ట్జ్ ఉందంటే అది ఈ భూమ్మీద రాయే. పక్కన పెట్టేశాం.

మూడోది మాత్రం నన్నూ కాసేపు కూర్చోబెట్టింది. పిడికిలంత కూడా లేదు, చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి లాగేసింది. దిక్సూచి ముల్లు కొద్దిగా కదిలింది. వంటింటి త్రాసు మీద 412 గ్రాములు తూగింది. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, రీడింగ్ సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా ముంచాను. 88 చూపించింది. అంటే దాని ఘనపరిమాణం 88 ఘనపు సెంటీమీటర్లు. 412ని 88తో భాగిస్తే సుమారు 4.7, అదే దాని సాంద్రత.

బావ ముఖం వెలిగిపోయింది. మామూలు రాళ్లు ఎక్కువగా మూడు లోపే ఉంటాయని ఆయనకి తెలుసు. చిక్కేమిటంటే, మామూలు రాతి ఉల్కలు మూడున్నర దరిదాపుల్లో ఉంటాయి, ఇనుప ఉల్కలు ఏడు దాటతాయి. ఇది రెంటికీ చెందలేదు. రాయీ ఇనుమూ కలిసిన రకం ఈ మధ్యలో పడొచ్చు గానీ, పడే ఉల్కల్లో అది వందకి ఒకటి. పైగా అందులో లోహం కంటికే కనిపించాలి. ఆకురాయితో ఒక మూల కాస్త అరగదీసి భూతద్దంలో చూశాం. ఎక్కడా లోహపు తళుకు లేదు. చివరికి ఇంట్లో మిగిలిపోయిన టైల్ ముక్క తిప్పి, మెరుపు లేని వెనకవైపు రాయితో గీశాను. ఎర్రటి గోధుమరంగు చార పడింది. ఆ రంగు చార గీసేది హెమటైట్, ఇనుప ఖనిజం. ముల్లు కదిలిందంటే అయస్కాంతానికి అంటుకునే మాగ్నెటైట్ ఖనిజం కూడా కొంత కలిసి ఉండాలి.

"ఇంత బరువుండి ఇది కూడా కాదా?" అని బావ ఒక్క నిమిషం డీలాపడ్డారు. పడ్డ కొత్తలో ఆ నల్ల పెంకును పట్టుకుని ఉల్కను గుర్తుపట్టొచ్చు, ఏళ్ల తరబడి నేల మీద ఉంటే అదీ తుప్పుపట్టి మామూలు గోధుమరంగు రాయిలా తయారవుతుందని చెప్పాను. వింతగా ఉన్నవాటినే ఏరుతూ, మామూలుగా కనిపించేవాటిని ఆయన దాటేస్తున్నారని నా అనుమానం.

ఈసారి ఏదైనా కనిపిస్తే తీసే ముందు ఉన్నచోటే ఫోటో తీయమన్నాను. ఒట్టి చేతులతో పట్టుకోకుండా శుభ్రమైన కవర్‌లో వేసుకోమన్నాను. అయస్కాంతం మాత్రం నా దగ్గరే వదిలేయమన్నాను. మొదటి రెండిటికీ ఒప్పుకున్నారు. అయస్కాంతం తిరిగి జేబులోకే వెళ్లింది.