జాతరకో గడియారం

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఆడుతుండగా నా చేతి స్మార్ట్ గడియారం కన్ను మూసింది. 2024 అక్టోబరు మాట. ఉదయం ఆరింటికి నిండుగా ఛార్జింగ్ పెట్టి కట్టుకున్నది, రాత్రి ఎనిమిది కాకముందే నల్లబడిపోయింది. కొన్న కొత్తలో ఇదే గడియారం మరునాడు మధ్యాహ్నం దాకా నడిచేది. పక్కనే చప్పట్లు కొడుతున్న మా తోటికోడలు చూసి, "అక్కా, కొత్తది కొనే వేళ వచ్చినట్టుంది" అంది.

ఆమె భర్త, అంటే మా మరిది, హనుమకొండ చౌరస్తాలో ఫోన్ల దుకాణం నడుపుతాడు. నా కొనుగోళ్ల చరిత్ర నాకన్నా అతనికే బాగా తెలుసు. 2018లో అడుగులు లెక్కపెట్టే బ్యాండ్, రెండు వేలు. 2020లో కరోనా భయంతో రక్తంలో ఆక్సిజన్ చూపించే గడియారం, అయిదు వేలు. 2022 ఆగస్టులో ఫోన్ మాట్లాడే వీలున్న పెద్ద గడియారం, పద్దెనిమిది వేలు. "వదినా, మేడారం జాతర రెండేళ్లకోసారి, మీ గడియారమూ రెండేళ్లకోసారి. ఈసారి జాతర ఫిబ్రవరిలోనే అయిపోయింది, మీరే ఆలస్యం చేశారు" అని నవ్వాడు.

ఆ మాట సరదాకే అన్నాడు కానీ ముల్లులా గుచ్చుకుంది. సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు రావడానికి ఒక కారణం ఉంది. భక్తులు నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇవ్వడానికి ఒక మొక్కు ఉంటుంది. రెండేళ్లకోసారి నేను చెల్లిస్తున్న మొక్కు ఎవరికి? అప్పటికి అతని మాట దాటవేశాను. కొంటాను, కొనను అని ఏదీ తేల్చకుండా ముందు లెక్క కట్టాలనుకున్నాను.

జిల్లా పరిషత్ పాఠశాలలో గణితం చెప్తాను కాబట్టి మొదట చేతికి వచ్చేది భాగహారమే. పద్దెనిమిది వేల గడియారాన్ని ఏడాదికే మార్చేస్తే రోజుకు 49 రూపాయలు పడుతుంది. రెండేళ్లు వాడితే 25. మూడేళ్లకు 16, నాలుగేళ్లకు 12, అయిదేళ్లకు 10. పిల్లలకు విలోమానుపాతం చెప్పేటప్పుడు గీసే వక్రరేఖే ఇది, మొదట నిటారుగా దిగి తర్వాత చదునవుతుంది. రెండో ఏడాది దగ్గర ఆపేసేవాళ్లు ఆ రేఖ ఇంకా బాగా దిగుతున్న చోటే ఆపేస్తున్నారన్నమాట. నేను రెండుసార్లూ అక్కడే ఆపాను. అయితే నాలుగు దాటాక మిగిలేది రోజుకు రెండు రూపాయలే, దానికోసం పాడైన వస్తువును పట్టుకుని వేలాడనక్కర లేదు. అంటే డబ్బు కోణంలో చూస్తే మూడు, నాలుగో ఏళ్లే అసలైన ఆదా.

డబ్బొక్కటే చాలదు కదా. దానితో నాకు ఏం పని పడుతోందో తెలియాలి. ఒక నెల పాటు చిన్న నోటుపుస్తకంలో గడియారం వైపు చూసిన ప్రతిసారీ ఎందుకు చూశానో గీతలు గీశాను. మా అమ్మాయి ఫోన్‌లో విని, "అమ్మా, గడియారం మీద నిఘా పెట్టింది నువ్వొక్కదానివే" అని ఎగతాళి చేసింది. నెలాఖరుకు తేలింది ఇది: టైమ్ చూడటానికి అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత, ఎవరు ఫోన్ చేస్తున్నారో చూడటానికి. తరగతిలో ఉన్నప్పుడు ఫోన్ సంచిలో ఉంటుంది. తెల్లవారుజామున మణికట్టు మీద తట్టి లేపే అలారం. భద్రకాళి బండ్ మీద నడిచేటప్పుడు అడుగులు, నాడి. అంతే. మిగతావన్నీ కొన్న వారం తర్వాత ముట్టుకోనివే. నిద్రకు మార్కులు వేసే ఏర్పాటు ఒకటుంది, మొదట్లో రోజూ చూసేదాన్ని. రాత్రి సరిగా నిద్ర పట్టలేదని గడియారం చెబితే తప్ప తెలియని మనిషిని కాను.

అడుగుల లెక్క మీద కూడా నాకు భక్తి తగ్గింది. బతుకమ్మ ఆడిన రాత్రుల్లో వేల అడుగులు ఎక్కువ చూపించేది. అందులో సగం చప్పట్లవే అని నా అనుమానం, చేయి ఊపునే అడుగుగా లెక్కేస్తుంది కదా.

ఇక దుకాణంలో మరిది చూపించిన కొత్తవాటి సంగతి. రెండు వేల లోపు గడియారం ఒకటి, పెట్టె మీద నాడి, ఆక్సిజన్, బీపీ, షుగర్ అన్నీ ముద్రించి ఉన్నాయి. సూది గుచ్చకుండానే షుగర్! ఇంటికి తెచ్చి చూసి ఇస్తానని అడిగి తీసుకుని, వంటింట్లో ఒక బీరకాయకు పట్టీ బిగించాను. బీరకాయ నాడి 84. దీనికి కారణం ఉంది. గడియారం అడుగున ఆకుపచ్చ కాంతి వెలుగుతుంది, రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది, గుండె కొట్టినప్పుడల్లా తిరిగి వచ్చే కాంతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పునే నాడిగా లెక్కిస్తారు. మంచి సాఫ్ట్‌వేర్ కింద ఉన్నది చర్మమా కాదా అని కూడా చూసుకుంటుంది, నాసిరకం వాటికి బీరకాయ అయినా సమ్మతమే. షుగర్ విషయం ఇంకా ప్రమాదం. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలిచే గడియారానికి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, అలాంటివి నమ్మి మందు మోతాదు మార్చుకోవద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. మా స్టాఫ్ రూమ్‌లో ఇన్సులిన్ తీసుకునే సహోద్యోగి ఒకాయన చేతికి అలాంటిదే ఉంది. ఆయనకు బీరకాయ కథ చెప్పాను. బీపీ చూపే శామ్‌సంగ్ గడియారాలను కూడా చేతిపట్టీ యంత్రంతో నాలుగు వారాలకోసారి సరిచూడాలి. ఆ యంత్రం ఇంట్లో ఎలాగూ ఉండాల్సిందే, మరి గడియారం దేనికి?

అలా కొత్తది వద్దని తేలింది కానీ పాతది సాయంత్రానికే చల్లబడుతోంది. 2025 మేలో అయితే మధ్యాహ్నం మూడింటికే. తప్పులో నా వాటా తక్కువేమీ కాదు. లిథియం బ్యాటరీకి ప్రతి ఛార్జింగూ కొంత వయసు పెంచుతుంది, వేడి ఇంకా త్వరగా పెంచుతుంది. కొన్ని గడియారాలతో వచ్చే చిన్న పుస్తకాల్లో 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని రాసి ఉంటుంది. ఓరుగల్లు ఎండల్లో అది పాటించాలంటే మార్చి నుంచి జూన్ దాకా గడియారాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. నేను చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: పడమటి కిటికీ గట్టు మీద, ఎండ నేరుగా పడే చోట, మూడేళ్లు రోజూ సాయంత్రం ఛార్జింగ్ పెట్టాను. రోజుకోసారి చొప్పున మూడేళ్లంటే వెయ్యికి పైగా ఛార్జింగులు. వెయ్యి పూర్తి ఛార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా తమ గడియారం బ్యాటరీ రూపొందించామని ఆపిల్ చెబుతుంది. వెయ్యి అనేది ఎవరి గడియారానికైనా చిన్న అంకె కాదు.

బ్యాటరీ మార్పిస్తే సరిపోతుంది కదా అని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రవాడు గడియారాన్ని తిప్పి కూడా చూడలేదు. "దీనికి బ్యాటరీ దండగ మేడమ్, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకోండి." ఎక్స్‌చేంజ్‌లో ఎంత ఇస్తారంటే పదిహేను వందలు. దండగో కాదో నేను చూసుకుంటాను, బ్యాటరీకి ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వమన్నాను. అలా అడిగేవాళ్లు తక్కువేమో, లోపలికి వెళ్లి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు. మొత్తం మూడు వేల రెండు వందలు, బ్యాటరీ హైదరాబాద్ నుంచి రావాలి, పన్నెండు రోజులు. ఇంకో షరతు కూడా చెప్పారు: వెనక మూత తీశాక కొత్త జిగురుతో మూస్తారు కానీ నీటి సంగతి పూచీ ఇవ్వరు. 5 ఏటీఎం అని గడియారం మీద రాసి ఉండేది కొత్తగా ఉన్నప్పటి మాట, అది కూడా నిలకడ నీటిలో 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడి లెక్క. లోపలి రబ్బరు, జిగురు ఏళ్లు గడిచే కొద్దీ ఎలాగూ సడలుతాయి. గిన్నెలు తోమేటప్పుడు తీసి పెడితే సరి, ఒప్పుకున్నాను.

ఆ పన్నెండు రోజులే నాకు అసలు పాఠం. మొదటి మూడు రోజులు ఖాళీ మణికట్టు చూసుకుంటూనే ఉన్నాను. వారం తిరిగేసరికి అడుగులు గుర్తు రావడం మానేశాయి, బండ్ మీద నడక మాత్రం మానలేదు. నిజంగా ఇబ్బంది పడింది రెండింటికే: మావారిని నిద్ర లేపకుండా నన్ను ఒక్కదాన్నే లేపే అలారం, తరగతిలో ఉండగా ఇంటి నుంచి వచ్చే ఫోన్. నోటుపుస్తకంలోని నాలుగు పనులు రెండయ్యాయి.

గడియారం తిరిగి వచ్చింది, మళ్లీ రాత్రి దాటి నడుస్తోంది. కానీ అప్‌డేట్ల (సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, భద్రత సరిచేస్తూ కంపెనీ పంపే మార్పుల) లెక్క ఒకటి ఉందని అప్పుడే తెలిసింది, ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది. కంపెనీ ఇన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామంటే ఆ ఏళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ బజారులోకి వచ్చిన నాటి నుంచి నడుస్తాయి. గూగుల్ తన పిక్సెల్ వాచ్‌కు మూడేళ్లని చెబుతూ ఆ లెక్కే కడుతుంది. ఆపిల్ 2017లో తెచ్చిన సిరీస్ 3ను 2022 దాకా అమ్మింది, అదే 2022 సెప్టెంబరులో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ వాచ్ఓఎస్ 9 ఆ గడియారానికి దక్కలేదు. చివరి రోజుల్లో కొన్నవాళ్ల చేతికి ముసలి గడియారమే కొత్త పెట్టెలో వచ్చింది. నాదీ అదే వరస: 2022లో నేను కొన్నది 2021 మోడల్. తగ్గింపు ధర అని మురిసిపోయాను, ఆయుష్షులో కూడా ఒక ఏడాది తగ్గించారని చూసుకోలేదు. ఇప్పుడు అప్‌డేట్లు చివరికి వచ్చాయి కాబట్టి బ్యాంకు మెసేజీలు, ఓటీపీలు గడియారం మీద కనిపించకుండా ఆపేశాను. ఫోన్‌లో చూసుకోవడానికి కష్టమేమీ లేదు.

బ్యాటరీ ఖర్చు కలిపి మొత్తం 21,200. ఇంకో రెండేళ్లు, అంటే 2027 ఆగస్టు దాకా నడిస్తే రోజుకు 11 రూపాయల 60 పైసలు. అలారం గానీ ఫోన్ సూచన గానీ పనిచేయడం మానేసి, బాగుచేయించడానికి కొత్తదాని ధరలో మూడో వంతు దాటి అడిగిన రోజున కొంటానని మరిదితో చెప్పాను. "అలా అయితే మాలాంటి దుకాణాలు మూసుకోవాలి వదినా" అన్నాడు.

అన్నాడే గానీ, నెల తిరగకుండా అతని దుకాణంలోనే కొత్త గడియారం కొనాల్సి వచ్చింది. నాకు కాదు, మా మామయ్యకు. ఆయన నర్సంపేట దగ్గర ఊళ్లో ఒక్కరే ఉంటారు. ఆగస్టులో పశువుల కొట్టం దగ్గర జారిపడి, ఎవరూ చూడక గంటసేపు అలాగే ఉండిపోయారు. మోకాలికి దెబ్బతో పోయింది, కానీ ఆ గంట తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మనిషి గట్టిగా పడితే గుర్తించి, కొద్దిసేపట్లో స్పందించకపోతే ఇంటివాళ్లకు కబురు పంపే గడియారాలున్నాయని మా అమ్మాయి చెప్పింది. ఇక్కడా ఒక చిక్కు: మామూలు రకం పక్కనే ఫోన్ ఉంటేనే కబురు పంపగలదు. మామయ్య ఫోన్ ఎప్పుడూ మంచం మీదే ఉంటుంది. అందుకని ఇ-సిమ్, అంటే పక్కన ఫోన్ లేకున్నా కబురు పంపగలిగేలా గడియారం లోపలే ఉండే సిమ్, ఉన్న రకమే తీసుకున్నాం, జియో, ఎయిర్‌టెల్ రెండూ గడియారాలకు ఇ-సిమ్ ఇస్తున్నాయి. కొట్టం దగ్గర ఏ సిగ్నల్ వస్తుందో మావారు ఫోన్ పట్టుకుని తిరిగి చూసి వచ్చాకే దుకాణానికి వెళ్లాం. ఈసారి ఆ ఏడాదే విడుదలైన మోడల్ అడిగాను. తగ్గింపు లేదన్నాడు మరిది. తగ్గింపే వద్దన్నాను.

నవరాత్రుల్లో మామయ్య భద్రకాళి గుడికి వచ్చారు. దర్శనమయ్యాక కొబ్బరికాయ కొట్టే చోట చేయి పైకెత్తి ఒక్క దెబ్బ వేశారు. ఆయన దెబ్బ ఎప్పుడూ ఒక్కటే. మరుక్షణం మణికట్టు మీద గడియారం గిలగిల కొట్టుకుంది. చేయి ఎంత వేగంగా దిగింది, ఎంత గట్టిగా ఆగింది అన్నదే దాని లెక్క, ముందున్నది కొబ్బరికాయో నేలో దానికేం తెలుసు.

"ఏమంటోందమ్మా ఇది?"

"మీరు పడిపోయారా అని అడుగుతోంది మామయ్యా."

"కొబ్బరికాయ కొట్టానని చెప్పు."

అలా చెప్పే వీలు అందులో లేదు. ఏమీ కాలేదన్న చోట నొక్కాను. ఆయన ఆ వెలుగు ఆరేదాకా చూసి, "జనవరిలో జాతరకు ఇది కట్టుకుపోవచ్చా?" అన్నారు.

"పోవచ్చు. కానీ దాని ఛార్జింగ్ తీగ కూడా సంచిలో పెట్టుకోవాలి."

"బెల్లంతో పాటే పెడతాలే" అన్నారు మామయ్య.