లాటరీలో సీటు

పాపకి చార్టర్ స్కూల్లో సీటొచ్చిందని నిన్న రాత్రి మెయిల్. డాలస్‌లో మా ఇంట్లో రెండు నెలలుగా ఇదే టెన్షన్. టెక్సస్‌లో 1995 చట్టంతో మొదలైన ఈ స్కూళ్లని నడిపేది ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు, డబ్బు మాత్రం ప్రభుత్వానిది, ఫీజుండదు. అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీయే. తీరా ప్రైవేటు స్కూల్‌కి అడ్వాన్సు కట్టేశాం, తిరిగివ్వరట! పైగా ఈ చార్టర్ స్కూల్‌కి బస్సు లేదు, రోజూ నేనే దింపాలి.

అమ్మకి ఫోన్లో చెబితే, "ఫీజు లేదంటే గవర్నమెంటు బడేగా? అంత దూరం వెళ్లి అదేంటే!" అంది. నన్ను కాన్వెంటులో చదివించడానికి గాజులు తాకట్టు పెట్టిన మనిషి మరి.

పాప ఒక్కటే అడిగింది, అక్కడ ఉయ్యాల ఉందా అని. లేదు. ప్రైవేటులో ఉంది.