పడుగుకు తడి కావాలి, గింజకు కాదు

సౌదీలో నా పని తడిని తరిమేయడం. మా కర్మాగారంలో పాలిస్టర్ గింజలను కరిగించి దారం తీస్తారు. బియ్యపు గింజలంత ఉంటాయి, దోసిట్లోకి తీసుకుంటే గలగలమంటాయి. ఇంత పొడిగా ఉన్నవాటిని మళ్లీ ఆరబెట్టడం ఎందుకని మొదట్లో అనుకునేవాణ్ని. 160 డిగ్రీలు దాటిన వేడిగాలిలో గంటల తరబడి ఆరబెడితే గానీ అవి కరిగించడానికి పనికిరావు.

ఒక రాత్రి ఆ ఆరబెట్టే యంత్రం సరిగా పనిచేయలేదు. తెల్లవారేదాకా దారాలు తెగుతూనే ఉన్నాయి. కారణం ఆ తర్వాత తెలిసింది. పాలిస్టర్‌కు ముడిసరుకులైన టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిసి లంకె పడినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. అలా లంకెలు పడుతూ పడుతూ పొడవైన గొలుసు తయారవుతుంది. గింజలో తడి మిగిలితే, కరిగించే వేడికి ఆ నీరే తిరిగి లంకెలోకి దూరి గొలుసును తెంచేస్తుంది. పొట్టి గొలుసులతో దారం నిలవదు. పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నీరు కూడా మాకు ఎక్కువే.

మాది కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ, తుంగభద్ర ఒడ్డున రాజోలి. మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. ఎండాకాలంలో మగ్గం మీద నిలువుగా సాగే పడుగు పోగులు పుటుక్కున తెగుతుంటే అమ్మ గది నేల తడిపేది. మగ్గానికి గుంత తవ్వింది కాళ్లు పెట్టుకోవడానికే కాదు, అందులోని చల్లదనం పోగుకు మంచిదని నాయన అనేవాడు. పత్తి అంటే సెల్యులోజ్, గ్లూకోజ్ ముక్కలు వరుసగా అతుక్కున్న గొలుసు. ఆ గొలుసు పొడవునా నీటిని పట్టుకునే చోట్లున్నాయి. అందుకే తడిసిన నూలుకు బలం పెరుగుతుంది. నూలుకు పెట్టే గంజి కూడా గ్లూకోజ్ గొలుసే, అతికిన తీరు మాత్రం వేరు. అమ్మ, నాయన చేసిన పనికి ఇంత లెక్క ఉందని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను.

పాలిస్టర్ దారాన్ని 1941లో ఇంగ్లండ్‌లో కనిపెట్టిన విన్‌ఫీల్డ్, డిక్సన్ పనిచేసింది నూలుబట్టల మీద అచ్చులు వేసే సంస్థలోనట. ఆ సంగతి చదివిన రోజు చాలాసేపు నిద్ర పట్టలేదు.

2009 అక్టోబరు వరదలో ఊరు మునిగింది. మగ్గం గుంత నిండా బురద. పడుగుకు కావలసిన తడి వేరు, ఆ నీళ్లు వేరు. నాయన మళ్లీ నేత మొదలుపెట్టలేదు. నేను డిప్లొమా ముగించి విమానం ఎక్కాను.

వచ్చేటప్పుడు కప్పుకోవడానికి అమ్మ తన పాత గద్వాల చీర ఇచ్చింది. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ పోగు పోగుకూ మెలేసి కలుపుతారు. పట్టు ప్రోటీన్ గొలుసు, గాలిలోని తేమను నూలుకంటే ఎక్కువగానే పీలుస్తుంది. కానీ తడిస్తే దాని బలం తగ్గుతుంది.

శుక్రవారం సెలవు. ఆ చీర ఉతికి, నూలు భాగాన్ని గట్టిగా పిండుతాను. అంచు దగ్గరికి వచ్చేసరికి పిండడం ఆపి, రెండు అరచేతుల మధ్య మెల్లగా ఒత్తుతాను.